వచ్చీరాని పని, ఆగని వడ్డీ: బుడమేరు వరద తర్వాత ఒక మెకానిక్కు కేసు

పని పూర్తిగా రాదు. డబ్బు మాత్రం ఇవాళే కావాలి. అలాంటివాడు తనకు వచ్చినంత పనిని జనానికి అమ్ముకోవచ్చా? ఎలక్ట్రికల్ పనిలో కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చే మాలాంటివాళ్లకు ఇది ప్రతి బ్యాచ్‌లోనూ ఎదురయ్యే ప్రశ్న. నోరు తెరిచి అడిగేది ఒకరిద్దరే. మిగతావాళ్లు అడక్కుండానే సాయంత్రం పూట పనులు ఒప్పేసుకుంటారు. మనం చెప్పే జవాబులు కూడా రెండే. “పూర్తిగా నేర్చుకున్నాకే డబ్బు తీసుకో” అనేది ఒకటి. “ముందు ఒప్పేసుకో, రాత్రికి యూట్యూబ్‌లో చూసుకో” అనేది రెండోది. మొదటిది చెప్పేవాడికి నేర్చుకునే రోజుల్లో ఇంట్లో ఎవరో అన్నం పెట్టి ఉంటారు. రెండోది చెప్పేవాడు ఆ పని జరిగిన ఇంట్లో కాపురం ఉండడు.

ఈ రెండింటికీ మధ్య ఏముందో విజయవాడలో ఒక కుర్రాడి విషయంలో కాస్త వివరంగా చూడాల్సి వచ్చింది. అతని పేరు రాయను. అతను సరేనన్నాకే రాస్తున్నాను, వీధినీ కొన్ని ఆనవాళ్లనూ మార్చాను.

ఇంటి పరిస్థితి

2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపు ఇళ్లలోకి వచ్చేశాయి. ఊరంతా కృష్ణ వైపు, ప్రకాశం బ్యారేజీ వైపు చూస్తుంటే ముంచింది మాత్రం వెనకనున్న వాగు. కొన్ని వీధుల్లో వారం దాటినా నీళ్లు కదల్లేదు. నీళ్లు తీశాక చూస్తే గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లలో ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, గ్రైండరు, బండి, అన్నీ బురదలోనే. గోడల మీద నీటి గీత స్విచ్ బోర్డుల పైన ఉంది. పని వచ్చిన మెకానిక్కులు ఊరికి చాల్లేదు. దొరికినవాళ్లు రేటు పెంచారు. పెంచడం తప్పని నేను అనను, వాళ్లలో కొందరి ఇళ్లూ మునిగాయి.

కుర్రాడికి అప్పుడు ఇరవై నాలుగేళ్లు. డిగ్రీ మధ్యలో మానేసి సెల్‌ఫోన్ సామాన్ల షాపులో చేసేవాడు. షాపు మునిగింది, ఓనరు మళ్లీ తెరవలేదు. తండ్రి ఆటో ఇంజన్‌లోకి నీళ్లు పోయాయి. తల్లి ఇంట్లో జాకెట్లు కుడుతుంది, కుట్టు మెషీన్ మోటారు పోయింది. గ్రౌండ్ ఫ్లోర్ మునిగిన ఇంటికి ప్రభుత్వం ఇచ్చిన 25,000 రూపాయలు ఆటో రిపేరుకీ, పరుపులకీ, కిరాణా కొట్టు బాకీకీ సరిపోయాయి. ఇవన్నీ ఒక ఎత్తు, అక్క పెళ్లికి తెచ్చిన 2 లక్షలు ఒక ఎత్తు. నూటికి మూడు రూపాయల వడ్డీ, అంటే నెలకు 6,000. వరదొచ్చిందని వడ్డీ ఆగదు.

అతని చేతిలో ఉన్న విద్య: షాపులో ఫోన్లు విప్పిన అలవాటు, సాల్డరింగు, మల్టీమీటరు చూడటం. సొంత ఇంట్లో వాషింగ్ మెషీన్ విప్పి, మోటారు ఎండబెట్టి, కెపాసిటర్ మార్చి తిప్పించాడు. పక్కింటివాళ్లు చూసి “మాదీ కాస్త చూడు నాన్నా” అన్నారు. పని అయ్యాక 200 చేతిలో పెట్టారు. అతను అడగలేదు. తర్వాతి వీధిలో అడిగాడు. నెల తిరక్కుండా 300 విజిటింగ్ ఛార్జీ పెట్టి, “అన్ని రకాల హోమ్ అప్లయన్సెస్, హౌస్ వైరింగ్ పనులు చేయబడును” అని వాట్సాప్ స్టేటస్ పెట్టాడు. అప్పటికి అతను చేసి చూసినవి వాషింగ్ మెషీన్లు, ఫ్రిజ్‌లు, మిక్సీలు. వైరింగు ఒక్కటీ చెయ్యలేదు.

బాగా వచ్చిన పని, సగం వచ్చిన పని

ముందు ఫ్రిజ్‌ల సంగతి చెబుతాను, ఎందుకంటే అక్కడ అతను ఎవరికీ తీసిపోలేదు. మునిగిన ఫ్రిజ్ నడవకపోతే జనం కంప్రెసర్ పోయిందనుకుంటారు. కంప్రెసర్ సీలు చేసిన డబ్బా, మామూలుగా దాంట్లోకి నీళ్లు పోవు. పాడయ్యేవి దాని పక్కనుండే రిలే, ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్, టెర్మినళ్లు, థర్మోస్టాట్. వాటిని మార్చి, బాగా ఎండబెట్టి, బాడీకి కరెంటు లీకేజీ లేదని చూసుకుంటే చాలావరకు మళ్లీ నడుస్తాయి. ఒక ఇంట్లో పాతికేళ్ల అనుభవమున్న మెకానిక్కు కంప్రెసర్ మార్చాలని 9,000 అడిగాడట. కుర్రాడు సామానుతో కలిపి 900 తీసుకుని నడిపించాడు. వచ్చీరానివాడు నిజం చెప్పాడు, వచ్చినవాడు అబద్ధం చెప్పాడు. అనుభవం లేనివాణ్ని రానివ్వకపోతే జనం క్షేమంగా ఉంటారని వాదించేవాళ్లు ఈ 9,000 లెక్క కూడా చూడాలి.

వాషింగ్ మెషీన్ల బోర్డుల కథ వేరు. ఆటోమేటిక్ మెషీన్లలో ఉండే సర్క్యూట్ బోర్డు (పీసీబీ) బురదనీళ్లలో నానితే, దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, బ్లోయర్‌తో ఆరబెడితే చాలాసార్లు ప్రాణం వస్తుంది. కానీ బోర్డు మీద పూత కింద, ఐసీ చిప్పుల కాళ్ల మధ్య తుప్పు మొదలై ఉంటుంది. అది ఆగదు. రెండు వారాలకో నెలకో బోర్డు మళ్లీ పోవచ్చు. రిటైరైన టీచరుగారు ఒకావిడ మెషీన్‌ని అతను ఇలాగే బాగుచేసి 1,500 తీసుకున్నాడు. మూడు వారాలకు ఆగిపోయింది. ఫోన్ చేస్తే, “నా పని నేను సరిగ్గానే చేశానమ్మా, ఇప్పుడు కొత్త బోర్డు వెయ్యాలి, 4,500 అవుతుంది” అన్నాడు.

మాట మాటగా చూస్తే అందులో అబద్ధం లేదు. నేను అతన్ని అడిగింది ఒక్కటే: “అంతకుముందు నువ్వు కడిగిన బోర్డులు ఎన్ని పోయాయి?” మూడు. మొదటి బోర్డు పోయినప్పుడు అతనికి తెలియదు, అది తెలియనితనం. దాన్ని నేను తప్పనను, నేర్చుకునే ఏ మనిషికైనా ఉండేదే. టీచరుగారి బోర్డు నాలుగోది. అప్పటికి అతనికి తెలుసు, ఆవిడకు తెలియదు. డబ్బు చేతులు మారింది ఆ తేడా మీద. పని రాకపోవడం కంటే, పని ఎంతవరకు నిలబడుతుందో తెలిసీ చెప్పకపోవడమే ఇక్కడ అసలు విషయం. శిక్షణలో మనం తిట్టేది మాత్రం మొదటిదాన్నే.

ట్రిప్పవడం ఆగిన ఇల్లు

అతని తల్లి కొడుకును వెంటబెట్టుకుని మా సెంటరుకు వచ్చింది. “ఏదో ఒక సర్టిఫికెట్ ఇప్పించండి సార్, ధైర్యంగా చేసుకుంటాడు” అని అడిగింది. అది నేను ఇవ్వనన్నాను. కొద్దిరోజుల కోర్సు పెట్టి రంగుల కాగితం చేతికిచ్చే చోట్లు ఉన్నాయి. ఆ కాగితం కుర్రాడికి పని నేర్పదు, ఎదుటివాడికి అనుమానం పోగొడుతుంది. వచ్చీరానివాడి దగ్గర జనానికి ఉండాల్సిన ఒకే ఒక్క రక్షణ ఆ అనుమానం.

లేచి వెళ్లబోతూ కుర్రాడు మామూలుగా అడిగాడు: “సార్, ఒక ఇంట్లో వైరింగ్ చేశాను. బాత్రూంలో కుళాయి ముట్టుకుంటే జిల్లుమంటోందని నిన్న ఫోన్ చేశారు. ఎందుకై ఉంటుంది?”

అప్పటికప్పుడు ఫోన్ చేయించి ఆ పోర్షనుకి మెయిన్ ఆపించాం. వైరింగులో లీకేజీ ఉందో లేదో కొలిచే మెగ్గర్ తీసుకుని వెళ్లాం.

కింద పోర్షనులో అద్దెకున్నవాళ్లు: భార్యాభర్తలు, ఇంటర్ చదివే అమ్మాయి. ఇంటి ఓనరు పైన ఉంటాడు. వరద తర్వాత కరెంటు ఇచ్చినప్పటి నుంచీ కింద ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సరఫరా ఆపేసే బ్రేకరు, నిలవడం లేదు, మాటిమాటికీ ట్రిప్పవుతోంది. లైసెన్సున్న కాంట్రాక్టరు ఒకాయన వచ్చి చూసి, వైరింగంతా టెస్టు చెయ్యాలి, కొన్ని పైపుల్లో వైరు తీసి కొత్తది లాగాలి, మొత్తం 18,000 అవుతుందని చెప్పాడు. ఓనరుకి అది ఎక్కువనిపించి మన కుర్రాణ్ని పిలిచాడు. ఇతను 2,500కి ఒప్పుకుని నాలుగు స్విచ్ బోర్డులు మార్చాడు. అయినా ట్రిప్పవుతూనే ఉంది. “ఇందులోకి నీళ్లు పోయి పాడైందండి” అని చెప్పి, ఆర్‌సీసీబీని అలాగే ఉంచి, వైర్లను దాన్ని తప్పించి నేరుగా కలిపేశాడు. ట్రిప్పవడం ఆగింది. ఓనరు సంతోషించి పైన ఇంకో వంద ఇచ్చాడు.

మోసం చేస్తున్నానని కుర్రాడు అనుకోలేదు. అది పాడైందనే నిజంగా నమ్మాడు. ఆర్‌సీసీబీ చేసేది ఒకటే పని. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి వస్తోందా లేదా అని చూస్తుంది. ఇళ్లలో పెట్టేదైతే ఆ తేడా 30 మిల్లీ యాంపియర్లు దాటనివ్వదు, ఆపేస్తుంది. ఆ తేడా గోడలోంచో, మనిషి ఒంట్లోంచో భూమిలోకి పోతోందన్నమాట. మామూలు బ్రేకరైన ఎంసీబీకి ఇది కనపడదు, దానికి తెలిసింది ఓవర్‌లోడు, షార్టు మాత్రమే. మునిగిన ఇంట్లో మాటిమాటికీ ట్రిప్పవుతున్న ఆర్‌సీసీబీ చాలావరకు తన పని తాను చేస్తున్నట్టే లెక్క.

మేం చూసినప్పుడు, గీజరు లైను జంక్షన్ బాక్సు నిండా ఎండిన బురద ఉంది. జాయింటుకి చుట్టిన టేపు ఊడి ఫేజు గోడకు తగులుతోంది. ఎర్త్ వైరు తుప్పు పట్టి తెగిపోయింది. పాత ఇల్లు కాబట్టి నీళ్ల లైన్లు జీఐ పైపులు, అంటే ఇనుపవి. మెగ్గర్‌లో ఒక్క మెగాఓమ్ అయినా చూపించాల్సిన లైను దాదాపు సున్నా చూపించింది. ఒక్కసారి కరెంటు వేయించి చూస్తే కుళాయికీ బయట భూమికీ మధ్య 70 వోల్టులు. చెప్పులు తీసి, తడి నేల మీద నిలబడి కుళాయి తిప్పే చోటు అది.

“వాళ్లకు తెలుసు కదా సార్”

ఆ రాత్రి కుర్రాడు నాతో చేసిన వాదన ఉన్నదున్నట్టు రాస్తాను. అతను తెలివైనవాడు, వాదనలో బలం ఉంది.

“నాకు లైసెన్సు లేదని ఓనరుగారికి తెలుసు సార్. తెలిసే పిలిచారు. 18,000 చోట 2,500 అయిందని ఆయనే మెచ్చుకున్నారు. నేను ఎవర్నీ బలవంతం చెయ్యలేదు.”

ఓనరుకి తెలిసింది లైసెన్సు లేదని. ఆర్‌సీసీబీని తప్పించారంటే ఏమవుతుందో తెలియదు. అది తెలియకుండా ఇచ్చిన ఒప్పుకోలు దేనికి ఒప్పుకోలు? అంతకంటే పెద్ద విషయం, ఒప్పుకున్నది పైనున్నాయన. కుళాయి తిప్పేది కింద పోర్షనులో అమ్మాయి. డబ్బు మిగిలింది ఒకరికి, ప్రమాదం ఇంకొకరికి. ఈ ఊళ్లో సగం పని అద్దె ఇళ్లలోనే ఉంటుంది కాబట్టి, ‘కస్టమరు ఒప్పుకున్నాడు’ అన్న మాట దగ్గర ఆగిపోకూడదు. ఆ స్విచ్చు ఎవరు వేస్తారో అడగాలి.

“నేను తక్కువ తీసుకున్నాను కదా సార్. తక్కువకి చేసినప్పుడు పెద్ద మేస్త్రీ పనిలా ఉండదని ఎవరికైనా తెలుస్తుంది.”

వచ్చీరాని పని అమ్ముకునే ప్రతివాడి మనసులోనూ ఈ లెక్క ఉంటుందని నా అనుమానం. నోటితో చెప్పలేనిది ధరతో చెప్పేశాననుకుంటాడు. కానీ కొనేవాడు ఆ ధరను అలా చదవడు. కుర్రాడు కాబట్టి తక్కువ తీసుకుంటున్నాడు, మన వీధివాడు, కష్టంలో ఉన్నాడు, వాడికీ నాలుగు రాళ్లు వస్తాయి అనుకుంటాడు. టీచరుగారు సరిగ్గా ఇలాగే అనుకున్నారు. ఒకే 1,500కి ఇద్దరూ చెరో అర్థం చెప్పుకున్నారు. చట్టం కూడా ధర తక్కువని వదలదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఉచితంగా చేసిన సేవను పక్కన పెడుతుంది గానీ, డబ్బు తీసుకుంటే అది సేవే. చెప్పాల్సిన సమాచారాన్ని తెలిసి దాచడాన్ని కూడా సేవాలోపం కిందే లెక్కేస్తుంది. తర్వాతి వీధిలో డబ్బు అడిగినప్పుడే అతను సాయానికీ సేవకీ మధ్య గీత దాటాడు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు విలువకు ఫిర్యాదు ఫీజు కూడా లేదు. ఇదంతా భయపెట్టడానికి చెప్పలేదు, అలాంటి ఫిర్యాదు ఎవరూ చెయ్యలేదు కూడా. డబ్బు తీసుకున్నాక ‘ఏదో సాయం చేశాను’ అనే మాట చెల్లదని తెలియాలని చెప్పాను.

చివరికి అతను అన్న మాటకు మాత్రం నా దగ్గర జవాబు లేకపోయింది. “ఐటీఐలో ఎలక్ట్రీషియన్ రెండేళ్లు. రెండేళ్లు చదువుకుంటాను సార్. నెలకు 6,000 వడ్డీ ఎవరు కడతారు?”

ఇప్పటికీ లేదు. అందుకే ‘మానెయ్’ అనలేదు. రేపు పొద్దున అతను ఎవరింటికో వెళ్తాడు, అది ఖాయం. ఏ ఇంటికి, ఏ పనికి అన్నదే మేం తేల్చుకోవాల్సింది.

గీత ఎక్కడ గీశాం

అతను ఒప్పుకునే పనులన్నీ కాగితం మీద రాయించి, ఒక్కోదాని పక్కన రెండు సంగతులు రాయమన్నాను. ఈ పనిలో తప్పు జరిగితే ఎప్పుడు బయటపడుతుంది? ఎవరి మీద పడుతుంది?

మిక్సీ బాగుచేశాడు, తిరగలేదు. అక్కడే తెలుస్తుంది, కూలి తీసుకోకుండా వస్తాడు. నష్టం అతనిదే. వాషింగ్ మెషీన్ బోర్డు నెలకు తెలుస్తుంది. నష్టం కొన్నవాళ్లది, కానీ డబ్బుతో పూడ్చగలిగేది. అది ముందే చెప్పి, పోతే ఎంత వెనక్కిస్తాడో కూడా ముందే చెబితే అమ్ముకోవచ్చు. గోడలో జాయింటు ఎప్పుడు తెలుస్తుందో ఎవరూ చెప్పలేరు, తెలిసిన రోజు వెనక్కి ఇవ్వడానికి ఏమీ ఉండదు. అది అతను ముట్టుకోకూడదు. 6,000 కాదు, 60,000 వడ్డీ ఉన్నా ముట్టుకోకూడదు.

తర్వాత అతనికి చూపించాను, నియమాల్లో గీత కూడా ఇంచుమించు ఇక్కడే ఉంది. 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్ నుంచి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో తెచ్చిన భద్రతా నిబంధనల దాకా, ఇప్పుడున్న 2023 నాటివాటిలోనూ అదే పద్ధతి. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు, ఇంట్లో వాడే సామాను లాంటివి లోడు గానీ స్వభావం గానీ మారకుండా మార్చుకోవడానికి మినహాయింపు ఉంది. మిగతా ఇన్‌స్టలేషన్ పని, రిపేరుతో సహా, లైసెన్సున్న కాంట్రాక్టరు చెయ్యాలి. పర్యవేక్షించేవాడికి యోగ్యతా పత్రం, చేసేవాడికి పర్మిట్ ఉండాలి. లైసెన్సు అంటే డబ్బున్నవాళ్లు పెట్టుకున్న గేటు అని అతను అనుకునేవాడు. కొంతమంది దాన్ని అలాగే వాడుకుంటారు, కాదనను. కానీ గేటు ఎక్కడ పెట్టారో చూస్తే, చాలా చిన్న పనులకు దారి వదిలే పెట్టారు.

నియమం వదిలినవన్నీ వదలొచ్చని కూడా కాదు. గీజరు ఇంట్లో వాడే సామానే. విప్పి బిగించడానికి పర్మిట్ అడగరు. అయినా అతని కాగితంలో గీజరుని వద్దన్న వైపే రాయించాను. ఫ్రిజ్ గ్యాసు కూడా అటే. ఇతనికి పైపులు మంటతో అతికించే బ్రేజింగ్ టార్చి ఉన్న స్నేహితుడు ఒకడున్నాడు, ఇద్దరూ కలిసి ఒక ఫ్రిజ్‌కి గ్యాస్ ఎక్కించే పని ఒప్పుకున్నారు. వెనక లేబుల్ మీద ఆర్600ఏ అని ఉంది. అది ఐసోబ్యూటేన్, అంటుకునే గ్యాసు. లోపల మిగిలినది పూర్తిగా తియ్యకుండా పైపు మీద మంట పెడితే ఏమవుతుందో వాళ్లకు తెలియదు. అంటుకోని ఆర్134ఏ గ్యాసుతో నడిచే పాత ఫ్రిజ్ వీడియో చూసి నేర్చుకున్నారు. అడ్వాన్సు వెనక్కి ఇప్పించాను.

డబ్బుల లెక్క తేల్చడం

కింద పోర్షను పని నాకు తెలిసిన లైసెన్సున్న కాంట్రాక్టరు చేత చేయించాం. 11,000 అయింది. ఓనరు అదంతా కుర్రాడే పెట్టుకోవాలన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆ వైరింగు పాడైంది వరదలో. కుర్రాడు అసలు రాకపోయినా ఆ ఖర్చు ఓనరుదే, పైగా మొదటి కాంట్రాక్టరు ముందే చెప్పి వెళ్లాడు. కుర్రాడు తీసుకున్న 2,600 మొత్తం వెనక్కి ఇవ్వాలి, పెట్టిన స్విచ్ బోర్డులకు డబ్బు అడక్కూడదు. ఓనరు గొణిగాడు గానీ సరేనన్నాడు. తక్కువకి వస్తుందని ఎంచుకున్న మనిషికి కూడా ఇందులో కొంత బాధ్యత ఉందని ఆయనకు చెప్పాను. నచ్చలేదు.

డబ్బు కంటే ముందు ఇంకో పని చెయ్యాలన్నాను. అద్దెకున్నవాళ్లకు ఏం జరిగిందో కుర్రాడే చెప్పాలి. ఓనరు వద్దన్నాడు, భయపడి ఖాళీ చేస్తారని. కుర్రాడు చెప్పాడు, తడబడుతూనే. అమ్మాయి తల్లి అరవలేదు. “డబ్బులదేముంది బాబూ, నీకు అనుమానంగా ఉన్న రోజే చెప్పుంటే మేం ఆ బాత్రూం వాడేవాళ్లం కాదు కదా” అంది.

టీచరుగారి దగ్గర వేరేలా జరిగింది. 1,500 వెనక్కి ఇవ్వబోతే, “వరదలో మీరూ మునిగారు, ఉంచుకో నాయనా” అన్నారు. కుర్రాడు సంతోషంగా తిరిగొచ్చి నాకు చెప్పాడు. ఆవిడకు బోర్డుల సంగతి చెప్పావా అంటే లేదు. అలాగైతే ఆవిడ క్షమించింది ఏదో ప్రమాదవశాత్తు జరిగినదాన్ని, అతను చేసినదాన్ని కాదు. మళ్లీ పంపాను. ఈసారి మొత్తం విని, 1,000 తీసుకుని 500 కూలి కింద వదిలేశారు. ఆ 500 అతనిదే. అంతకుముందు పోయిన మూడు బోర్డుల్లో ఒకరికి సగం ఇచ్చాడు. మిగతా రెండు నంబర్లు ఫోన్‌లో పోయాయన్నాడు. నేను గుచ్చి గుచ్చి అడగలేదు. అప్పులో ఉన్నవాడి చేత ప్రతి పైసా కక్కించడం నా పని అనుకోను.

తర్వాత

స్టేటస్ మార్చాడు. ఇప్పుడు ఎవరైనా ఫోన్ చేస్తే ఇలా చెబుతాడు: “నేను కోర్సు చెయ్యలేదండి, చేసి చూసి నేర్చుకున్నాను. వాషింగ్ మెషీను, మిక్సీ, ఫ్యాను, ఫ్రిజ్‌లో రిలే వరకు చూస్తాను. వైరింగు, గీజరు, గ్యాసు చూడను. తడిసిన బోర్డు కడిగితే నడవచ్చు, నెలలో పోవచ్చు. పోతే సగం వెనక్కి ఇస్తాను.”

నిజం చెబితే జనం మెచ్చుకుని పనులు ఇచ్చారని రాయాలని నాకూ ఉంది. అలా జరగలేదు. చాలామంది ‘కోర్సు చెయ్యలేదు’ అనగానే ఫోన్ పెట్టేశారు. కొందరు ఇంకా గీచి గీచి బేరమాడారు: “నేర్చుకుంటున్నావుగా, వంద తీసుకో.” దీనికి మాత్రం అతన్ని గట్టిగా నిలబడమన్నాను. నిజం చెప్పినందుకు డిస్కౌంటు ఇవ్వక్కర్లేదు. అతను బాగుచేసిన మిక్సీ పచ్చడి తక్కువ రుబ్బదు. పని కాకపోతే పెట్రోలుకి వంద, అయితే పూర్తి 300 అని పెట్టుకున్నాడు. అక్టోబరులో సామాను ఖర్చులు పోను అతనికి దాదాపు 22,000 మిగిలాయి. డిసెంబరుకి 13,000కి పడిపోయింది. తడిసిన సామాను తగ్గిపోవడం ఒక కారణం, ఒప్పుకోని పనులు రెండో కారణం. ఒక నెల వడ్డీ కట్టలేకపోయాడు. అప్పిచ్చినాయన దాన్ని అసలులో కలిపాడు. ఈ ఖర్చు అతనే మోశాడు, నేను కాదు. సలహా ఇచ్చేవాళ్లు ఈ సంగతి మర్చిపోకుండా ఉంటే మంచిది.

కింద పోర్షను పని చేసిన కాంట్రాక్టరు దగ్గరే ఉదయం పూట హెల్పరుగా పెట్టాను, రోజుకు 500. పైపుల్లో వైరు లాగడం, ఎర్త్ పిట్ తవ్వడం, ప్రతి ఇంట్లో మెగ్గర్ పట్టడం అక్కడే నేర్చుకుంటున్నాడు. ఇదీ వచ్చీరాని పనే, ఇదీ జనం ఇళ్లలోనే. కాకపోతే అతను కట్టిన జాయింటుని మేస్త్రీ విప్పి చూస్తాడు, తప్పుకి పేరు మేస్త్రీది. ఎవరో ఒకరి ఇంట్లోనే ఎవరైనా పని నేర్చుకోవాలి కాబట్టి, ఆ తప్పు వెనక నిలబడే మనిషి ఒకడుండాలి. కష్టమల్లా ఇలా నిలబడే కాంట్రాక్టర్లు తక్కువ, ఉన్నా రోజుకు 500 మించి ఇవ్వరు.

మధ్యలో కమిషన్ గొడవ ఒకటి వచ్చింది. తాను చెయ్యని వైరింగు పనులకు కుర్రాడు ఈ కాంట్రాక్టరు నంబరే ఇస్తాడు. పని వస్తే ఆయన 500 ఇస్తాడు. “ఇది తప్పా సార్?” అని అడిగాడు. తీసుకోవడం తప్పు కాదు, కస్టమరుకి చెప్పకపోతే తప్పు అన్నాను. కాంట్రాక్టరుకి కోపం వచ్చింది, ఈ ఊళ్లో కమిషన్ ఎవడు చెప్పుకుంటాడని. ఆయనన్నది నిజమే, ఎవడూ చెప్పుకోడు. అయినా కుర్రాడు చెబుతున్నాడు. ఇంతవరకు దానివల్ల పోయిన పని లేదు.

మొన్న ఇంకో ఇంటి నుంచి రెండు పనులు కలిపి వచ్చాయి, నాలుగు సీసీ కెమెరాలు, ఒక ఇన్వర్టరు. ఏది ఒప్పుకోవచ్చని అడిగాడు. కెమెరా రాకపోతే బొమ్మ రాదు, అక్కడే తెలుస్తుంది, అది తీసుకో అన్నాను. ఇన్వర్టరు అంటే ఇంటి వైరింగులో కలపాలి, వైర్లు తప్పుగా కలిస్తే మెయిన్ ఆపినా లైన్లో కరెంటు ఉంటుంది, స్తంభం మీదున్న లైన్‌మెన్‌కి కూడా ప్రమాదం. కెమెరాలు ఒప్పుకున్నాడు. ఇన్వర్టరుకి కాంట్రాక్టరు నంబరిచ్చి, తనకు 500 వస్తుందని చెప్పాడు. వాళ్లు రెండు పనులూ కాంట్రాక్టరుకే ఇస్తామన్నారు. కెమెరాల దగ్గర హెల్పరుగా ఇతనే వెళ్తున్నాడు.